‘శబ్దం రావడం లేదు’ అనవచ్చునా?

అమలాపురం నుంచి ఒక సభ్యులు, తమ పాత లాప్‌టాప్‌లో వీడియో బొమ్మ కనబడుతున్నా ఏమీ వినబడటం లేదనీ, రిపేరు చేసేవారికి చెప్పేటప్పుడు ‘సౌండ్’కు బదులు ‘శబ్దం’ అనవచ్చునా అనీ అడిగారు.

అనకపోవడమే మంచిదండీ. వాడుకలో శబ్దమంటే చాలాసార్లు అక్కర్లేని చప్పుడే. ‘లాప్‌టాప్‌లో శబ్దం వస్తోంది’ అంటే విన్నవారు లోపలి ఫ్యాను గురించే అనుకుంటారు. ధ్వని పుస్తకాల మాట. సౌండ్ ఏనాడో మన మాటైపోయింది కనుక దానిని నిస్సంకోచంగా వాడవచ్చును.

అయితే ‘బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు’ అన్న పెద్దవారి వాక్యాన్ని మోటుదని కొందరు తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే సౌండ్ అన్న పదం పట్టుకోలేని తేడాను అది పట్టుకోగలదు. సినిమాలో పాటా, నేపథ్య సంగీతమూ చక్కగా వినబడుతూ సంభాషణలు మాత్రం వినబడకపోతే, పోయింది మాటే గాని సౌండ్ కాదు. 5.1 పద్ధతిలో, అంటే అయిదు స్పీకర్లకూ ఒక బేస్ స్పీకరుకూ విడివిడిగా కూర్చిన సినిమాల్లో సంభాషణలను ప్రధానంగా మధ్య స్పీకరుకు కేటాయిస్తారు. లాప్‌టాప్‌కు ఉన్నవి రెండే స్పీకర్లయినా సెట్టింగుల్లో 5.1 అని ఉంటే ఆ మధ్య భాగం ఎటూ చేరక పోవచ్చు. దానిని స్టీరియో (రెండు స్పీకర్ల పద్ధతి) అని మార్చాలి. ఇయర్‌ఫోన్ పిన్ను సరిగా దిగక, రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే తీగ అంటుకోకపోయినా ఇంచుమించు ఇలాగే జరుగుతుంది: రెండు వైపులా సమానంగా ఉన్న గొంతు రద్దయిపోయి, చుట్టూ ఉన్న వాద్యాలు మిగులుతాయి.

అసలేమీ వినబడకపోతే, ‘ఈ ఒక్క వీడియోకే సౌండ్ లేదు’ అనాలో, ‘దేనికీ సౌండ్ లేదు’ అనాలో ముందు చూసుకోండి. ఒక్కదానికే అయితే ఆ ఫైలులోని ఆడియో ఏసీ3, డీటీఎస్ వంటి పద్ధతిలో ఉండి మీ ప్లేయర్‌కు చదవడం రాకపోయి ఉండవచ్చు. వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో తెరిచి చూడండి. దేనికీ లేకపోతే మ్యూట్‌నూ, సౌండ్ హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టీవీకి వెళ్లేలా ఎంపికై ఉందేమోననీ చూసి, ఆపైన ఇయర్‌ఫోన్ జాక్ సంగతి కనుక్కోవాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన అంతర్వేది, నరసాపురం వైపు ఊళ్లలో జాక్ లోపలి రేకులకు చిలుము పడితే, పిన్ను పెట్టకపోయినా పెట్టినట్టే భావించి లాప్‌టాప్ తన స్పీకర్లను ఆపేసే అవకాశం ఉంది. కరెంటు తీసి, పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీస్తే కొన్నిసార్లు రేకులు మళ్లీ కదులుతాయి.

సౌండ్ ఉండి మాట మాత్రమే పోయిన స్థితికి లంక గ్రామాల్లో ప్రత్యేకమైన మాటేదైనా వాడుకలో ఉంటే, ఆ ప్రాంతపు సభ్యులు దయచేసి ఇక్కడ రాయగలరు.