‘వైరస్’ లాటిన్‌లో ఏ లింగం? బహువచనం ఏమిటి?

ప్రశ్న (మద్దిలపాలెం, విశాఖపట్నం):
పెద్దలకు నమస్కారం. నేను ఇక్కడ సూక్ష్మజీవశాస్త్రం చదువుతూ, కళాశాల సంచికకు వైరస్ అనే పేరు మీద వ్యాసం రాస్తున్నాను. మూలపదం లాటిన్ ‘వీరుస్’ అనీ, విషమనీ జిగురు ద్రవమనీ దానికి అర్థాలున్నాయనీ చదివాను. ‘ఉస్’తో ముగుస్తుంది కాబట్టి అది పుంలింగమనీ, బహువచనం ‘వీరీ’ అనీ, మన ‘వీరుడు’ దానికి చుట్టమేననీ ఒక మిత్రుడు అంటున్నాడు. ఇందులో నిజమెంతో దయచేసి తెలియజేయగలరు.

జవాబు (సీతమ్మధార):
వీరుస్‌కు చుట్టం వీరుడు కాదు, సంస్కృతంలోని ‘విషం’. సంస్కృతం, లాటిన్, గ్రీకు మూడింటికీ మూలమైన భాషలో ఈ మాటలో ఉన్న సకారం ఒక్కొక్క భాషలో ఒక్కొక్క దారి పట్టింది. సంస్కృతంలో ఇకారం తరువాతి సకారం షకారమవుతుంది. ‘లతాసు’ అన్నచోట నిలిచిన సకారం ‘హరిషు’ అన్నచోట మారడానికి కారణం ఇదే. లాటిన్‌లో రెండచ్చుల నడుమ ఉన్న సకారం రేఫమైంది (‘ర’ అయింది): పువ్వు ప్రథమలో ‘ఫ్లోస్’, షష్ఠిలో ‘ఫ్లోరిస్’. ఈ మార్పు వంశనామాలనూ వదలలేదు; పాపీసియుస్ అన్న పేరు పాపీరియుస్‌గా మారిన సంగతిని రోమన్ వక్త సిసెరో ఒక లేఖలో ప్రస్తావించాడు. గ్రీకులో ఆ సకారంతోపాటు మొదటి వకారం కూడా జారిపోయి ‘ఈయొస్’ మిగిలింది. ఒకే మాటలో మూడు భాషల ధ్వనిసూత్రాలు ఇంత తేటగా కనిపించడం అరుదు కనుక, వ్యాసంలో దీనికే ఎక్కువ చోటివ్వమని నా మనవి.

జవాబు (గాజువాక):
లింగం సంగతి నేను చెబుతాను. వీరుస్ చేరిన లాటిన్ నామవాచకాల తరగతిలో ‘ఉస్’తో ముగిసే మాటలు చాలావరకు పుంలింగాలే, నపుంసకాలకు ‘ఉమ్’ వస్తుంది. అయితే వీరుస్, వుల్గుస్ (జనసామాన్యం), పెలగుస్ (సముద్రం) వంటి కొన్ని మాత్రం ‘ఉస్’తో ముగిసినా నపుంసకాలు. ద్వితీయా విభక్తి చూస్తే ఇది తేలిపోతుంది. తోడేలు ‘లుపుస్’ ద్వితీయలో ‘లుపుమ్’ అవుతుంది. వీరుస్ మాత్రం, మన ‘ఫలమ్’ శబ్దంలాగే, ప్రథమలోనూ ద్వితీయలోనూ ఒకే రూపంలో ఉంటుంది. ‘వీరీ’ అనేది దాని షష్ఠీ ఏకవచనం. ద్రవ్యవాచకం కావడం వల్ల కాబోలు, ప్రాచీన రచనల్లో దానికి బహువచన ప్రయోగం కనిపించదు. హ్రస్వంతో ‘విరీ’ అంటే పురుషులు. అది ‘విర్’ శబ్దానికి బహువచనం. సంస్కృత ‘వీర’ శబ్దానికి చుట్టం ఆ ‘విర్’.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ మాట శాస్త్రంలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పగలరా?

జవాబు (సీతమ్మధార):
అంటురోగాలను కలిగించే ఏ పదార్థాన్నైనా వైద్యులు చాలాకాలం ఆ పేరుతోనే పిలిచేవారు. 1898లో డచ్ శాస్త్రవేత్త బైయెరింక్, పొగాకు మొజాయిక్ తెగులును పరిశీలిస్తూ, బాక్టీరియాను ఆపే పింగాణీ వడపోతను కూడా దాటిపోయే కారకానికి ఈ మాట వాడాడు. దానిని ఆయన జీవమున్న ద్రవమనే భావించాడు. బహువచనానికి తెలుగులో ‘వైరస్‌లు’ అని నిస్సంకోచంగా రాయండి.