ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నా పడవ ఫ్యూయల్ గేజి సగం దాటడం లేదు

పడవలోని అల్యూమినియం ట్యాంకుకు (లోతు 30 సెం.మీ.) ఫ్యూయల్ సెండర్ (ఇంధనం ఎంతుందో గేజీకి తెలిపే పరికరం) మార్చాను. పాతదాని కడ్డీ తుప్పుపట్టి విరిగిపోయింది, పోల్చి చూసుకునే వీలు లేదు. కొత్తది కూడా కడ్డీ చివర తేలే బెండు ఉండే రకమే: ఖాళీకి 240 ఓములు, నిండుకు 33. గేజీ అదే ప్రమాణానిది.

ట్యాంకు పూర్తిగా నింపినా ముల్లు సగానికి కాస్త కిందే ఆగిపోతోంది. అప్పుడు సెండర్ వద్ద 112 ఓములు వస్తున్నాయి. ఇంధనం సగానికి తగ్గాక మాత్రం ముల్లు చక్కగా దిగుతోంది.

సెండర్ నుంచి గేజీకి వెళ్లే గులాబీ రంగు తీగను ఎర్త్‌కు తాకిస్తే ముల్లు నిండుకు వెళ్తోంది, కాబట్టి గేజీని అనుమానించడం లేదు. ఎర్త్ తీగ నిరోధం 0.3 ఓములే. సెండర్‌ను బయటకు తీసి చేత్తో కదిపితే 240 నుంచి 33 వరకు ఎక్కడా తడబడకుండా మారుతోంది. కడ్డీ తిరిగే కీలును ట్యాంకు లోతులో సరిగ్గా సగానికి, 15 సెం.మీ. దగ్గర బిగించాను, కడ్డీ పొడవు 18 సెం.మీ.

రెండోసారి విప్పినప్పుడు బెండు చివర గోరంత వెడల్పున కొత్త గీత మెరుస్తూ కనిపించింది. కడ్డీ అడ్డంగా చాచుకునే చోట లోపలి అడ్డుపలకకు తగులుతోందని నా నమ్మకం. తిప్పి బిగిద్దామంటే సెండర్‌ను బిగించే ఐదు రంధ్రాలూ ఒక్క దిశలోనే కుదురుతాయి. పెట్రోలు ట్యాంకు కనుక ఊరికే మళ్లీ మళ్లీ తెరవడం నాకు ఇష్టం లేదు.

కడ్డీని కొంత కుదించి, ముల్లు చూపే కొలతను నమ్ముకోవచ్చా, లేక కడ్డీ లేని నిలువు గొట్టం రకం సెండర్‌కు మారాల్సిందేనా?