పాత ఆయిల్ ఇంజన్ని ఎండ వేడితో తిప్పొచ్చా? తెలిసినోళ్లు చెప్పండి

సఖినేటిపల్లి రైతు:
అందరికీ నమస్కారమండి. మా నాన్నగారి కాలంనాటి 5 హార్స్ పవర్ ఆయిల్ ఇంజనొకటి మకాంలో ఉందండి. దాళ్వా చివర్లో కాలవ నీళ్లు వంతులవారీ పెట్టినప్పుడు మురుగుకాలవలోంచి తోడుకోడానికి ఇప్పటికీ అదే దిక్కు, కానీ డీజిల్ డబ్బాలు మోసీ మోసీ విసుగొచ్చేసింది. అద్దాలు పెట్టి ఎండంతా ఒకచోటికి తెచ్చి ఆ వేడి సిలిండర్ మీద పడేలా చేస్తే డీజిల్ లేకుండా తిరుగుద్దా? ఈజిప్టులో 1913లోనే నైలు నీళ్లు అద్దాలతో తోడారని చదివేను, అక్కడ అయింది మన దగ్గర ఎందుకవ్వదు అని నా ఆలోచన. హెడ్డు (సిలిండర్ పైమూత) ఊడదీయడానికి రెడీగా ఉన్నాను, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి.

పాలకొల్లు లేత్ షాపు:
హెడ్డు జోలికి మాత్రం పోకండి బాబాయ్ గారు, నడిచే ఇంజనది. డీజిల్ ఇంజన్లో వేడి పుట్టేదే సిలిండర్ లోపలండి. పిస్టన్ గాలిని పదహారో పదిహేడో వంతుకి నొక్కేస్తే ఆ గాలి కాలిపోయేంత వేడెక్కుద్ది, అందులో డీజిల్ చిమ్మగానే అంటుకుంటది, ఇదంతా రెప్పపాటు కూడా పట్టదు. ఎండతో ఇనుప గోడని బయట్నుంచి వేడి చేస్తే ఆ వేడి లోపలి గాలికి అంత వేగంగా ఎక్కదు. అసలు సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే జాకెట్ పెట్టిందే వేడిని బయటికి పంపడానికి కదండీ, మనం అదే గోడ మీద అద్దాల వేడి కొడితే ముందు ఆయిల్ మాడి పిస్టన్ పట్టేసుద్ది.

కాబట్టి ఎండతో తిప్పాలంటే రెండే దార్లు. ఒకటి, బయట ఆవిరి చేసి సిలిండర్లోకి పంపడం. రెండోది వేడి గాలి ఇంజను, స్టిర్లింగ్ అంటారు, 1816 నాటిది. లోపల బంధించిన గాలిని బయట్నుంచి ఒక వైపు వేడి చేసి ఇంకో వైపు చల్లబరిస్తే నడుస్తది, ఇంధనం లోపల కాలక్కర్లేదు, కానీ దాని అమరికే వేరు.

ఆవిరి దారిలో మీ ఇంజనుకొచ్చే చిక్కులు చెప్తాను. అది ఫోర్ స్ట్రోక్. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టు ఇంజనుకి సగం స్పీడులో తిరుగుద్ది, రెండు చుట్లకోసారి వాల్వు తెరుస్తది. ఆవిరికి ప్రతి చుట్టులోనూ తెరవాలి, అంటే టైమింగ్ గేర్లన్నా మార్చాలి, క్యామ్ అన్నా కొత్తగా చెక్కాలి. ఇంకోటి, ఇన్లెట్ వాల్వు లోపలికి తెరుచుకునేది. 35 మిల్లీమీటర్ల వాల్వు వెనకాల చదరపు సెంటీమీటరుకి 10 కేజీల ప్రెషర్ ఆవిరి నిలబెడితే ఆ వాల్వు మీద 96 కేజీల బరువు పడ్డట్టు, మామూలు స్ప్రింగు ఆపలేదు, తనంతట తనే తెరుచుకుపోద్ది. ఆ పైన పిస్టన్ రింగుల పక్కనుంచి నీరు కింద ఆయిలుండే సంపులోకి దిగి ఆయిల్ మజ్జిగలా అయిపోద్ది, బేరింగులు పోతాయి. ఇంత పనికి మా షాపులో మజూరీ తీసుకుంటే నాకు లాభమే గానీ మీ చేత ఆ ఖర్చు పెట్టించడం నాకిష్టం లేదండి.

ముమ్మిడివరం, పాలిటెక్నిక్ విద్యార్థి:
సార్ నాకో డౌట్. ఆవిరి బయట చేయకుండా, డీజిల్ నాజిల్‌తోనే నీళ్లు చిమ్మి బాగా వేడెక్కిన హెడ్డులో అక్కడికక్కడే ఆవిరి చేస్తే? అప్పుడు బాయిలర్ అక్కర్లేదు కదా?

పాలకొల్లు లేత్ షాపు:
మంచి ప్రశ్న తమ్ముడూ. ఇంజెక్షన్ పంపులో ప్లంజర్‌కి గ్రీజూ ఉండదు వేరే ఆయిలూ ఉండదు, దానికి జిడ్డు డీజిలే. నీళ్లు పోస్తే తుప్పు పట్టి బిగుసుకుపోద్ది. నీటి చుక్క ఆవిరవ్వడానికి లాగే వేడి కూడా చాలా ఎక్కువ, నాలుగు చుట్లు తిరిగేసరికి హెడ్డు చల్లబడుద్ది. ఆవిరవ్వని నీళ్లు పిస్టన్ మీద నిలబడితే అవి నొక్కుబడవు, కనెక్టింగ్ రాడ్డు వంగుద్ది.

భీమవరం, ఏరియేటర్ల రిపేరు:
స్టిర్లింగ్ సంగతి నేను చెప్తానండి, చేసి చూసేను కాబట్టి. పంక్చర్ షాపుల్లో వీ ఆకారం కంప్రెసర్ ఉంటది చూడండి, రెండు సిలిండర్లు 90 డిగ్రీల్లో, దానికి సరిపోద్దని పాతది కొని వాల్వులు తీసేసి రెండు హెడ్లకీ మధ్య పైపు కలిపి ఒక హెడ్డుని గ్యాస్ బర్నర్‌తో కాల్చేను. చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది గానీ చెయ్యి వదిలితే నిలబడలేదు. తర్వాత లెక్క కట్టి చూస్తే, మామూలు గాలి ప్రెషర్ మీద అరలీటరు సిలిండరు సెకనుకి 10 చుట్లు తిరిగినా అన్నీ కుదిరితే వచ్చేది 75 వాట్లు, ఒక సీలింగ్ ఫ్యానుకి సరి. లోపల గాలిని పది ఇరవై రెట్లు బిగిస్తేనే అసలు బలం వస్తది, దానికి సీళ్లు మన చేతిపనిలో ఆగవు.

సఖినేటిపల్లి రైతు:
అర్థమైందండి. మరి ఈజిప్టులో ఎలా నడిచింది?

పాలకొల్లు లేత్ షాపు:
కైరో దగ్గర మాడీ అనే ఊళ్లో ఫ్రాంక్ షూమన్ అనే అమెరికా ఇంజనీరు కట్టాడండి. అది తక్కువ ప్రెషర్ ఆవిరి కోసమే తయారుచేసిన ఇంజను, పాతది మార్చింది కాదు. అద్దాల దోనెలు అయిదు, ఒక్కోటి 62 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. అంటే 1240 చదరపు మీటర్ల అద్దానికి వచ్చింది సుమారు 55 హార్స్ పవర్. హార్స్ పవర్‌కి ఇరవై రెండు చదరపు మీటర్లు పడింది.

ఇప్పుడు మన లెక్క చూడండి. మంచి ఎండలో చదరపు మీటరుకి నేరుగా పడేది 800 వాట్లనుకుందాం. అద్దం మీదా పైపుల దగ్గరా పోగా 500 మిగులుద్ది, మనం చేసుకునే చిన్న ఆవిరి ఇంజను దాంట్లో 7 శాతం తిప్పగలిగితే గొప్ప, అంటే 35 వాట్లు. 5 హార్స్ పవర్ 3700 వాట్లు, కాబట్టి 105 చదరపు మీటర్ల అద్దం. రెండున్నర సెంట్లు పైచిలుకు ఒట్టి అద్దమే! ఒకదాని నీడ ఒకదాని మీద పడకుండా ఎడం పెడితే దానికి ఇంకా రెట్టింపు పైనే, అదీ కొబ్బరి చెట్ల నీడ లేని చోట. తిరుమలలో వంటకి ఆవిరి చేయడానికి డిష్‌లు, అంటే గిన్నెలా వంగిన అద్దాలు, ఒక్కోటి 9.2 చదరపు మీటర్లవి 106 పెట్టారు, అలాంటివి మీకు పన్నెండు కావాలి. అవి కూడా వంట వేడికి పెట్టినవే, ఇంజను తిప్పడానికి పెట్టినవి కాదు. అదే 5 హార్స్ పవర్ మోటారుకి సోలార్ ప్యానెళ్లు పాతిక చదరపు మీటర్లయితే చాలు.

ఇంకోటి, అద్దాలకి సూర్యుడి నుంచి సూటిగా వచ్చే కిరణమే పనికొస్తది. మన డెల్టాలో గాల్లో తేమెక్కువ, తెల్లటి మసక ఉన్నా అద్దం పని సగానికి పడిపోద్ది, ప్యానెల్ ఆ మసక వెలుతుర్లో కూడా ఎంతో కొంత ఇస్తది. అంతర్వేది వైపు ఉప్పుగాలికి అద్దం వెనక పూత ఎన్నాళ్లుంటదో మీకే తెలుసు.

భీమవరం, ఏరియేటర్ల రిపేరు:
డీజిల్ తగ్గడమే కావాలంటే కొబ్బరి చిప్పలతో గ్యాసిఫైయర్ చూడండి, చిప్పల్ని చాలీచాలని గాలిలో కాల్చి మండే గ్యాసు చేసేది. ఆ గ్యాసు గాలితోపాటు లోపలికి పంపి కొంచెం డీజిల్ మీద నడిపితే 60, 70 శాతం దాకా డీజిల్ మిగలొచ్చు, ఇంజను కొయ్యక్కర్లేదు. కానీ ఆ గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, వాసన ఉండదు, మనిషిని చంపుద్ది. మూసిన షెడ్డులో వద్దు, బయటే.

సఖినేటిపల్లి రైతు:
నా ఇంజను అలాగే ఉంచేస్తానండి, ప్యానెళ్ల గురించి వ్యవసాయ ఆఫీసులో అడుగుతాను. కానీ ఆవిరితో ఏదో ఒకటి తిప్పి చూడాలని మనసులో ఉంది, మా మేనల్లుడు కూడా ప్రాజెక్టు అంటున్నాడు.

పాలకొల్లు లేత్ షాపు:
అయితే పాత టూ స్ట్రోక్ స్కూటర్ ఇంజను తెచ్చుకోండి, పాత ఇనుము కొట్లో దొరుకుద్ది. ప్లగ్గు బొక్కలో ఒక ఇత్తడి అడాప్టరు, అందులో సీటు మీద బేరింగు గోళీ. పిస్టన్ నెత్తిన పిన్ను, పైకొచ్చినప్పుడు గోళీని లేపుద్ది, ఆవిరి దూరుద్ది, పిస్టన్ దిగగానే గోళీ మళ్లీ కూర్చుంటది, వాడిన ఆవిరి కింద పోర్టులోంచి పోద్ది. క్యామూ వాల్వూ ఏమీ అక్కర్లేదు. ఇన్‌టేక్ వైపు దారులు మూసెయ్యాలి, తనంతట తను స్టార్టవ్వదు కాబట్టి కిక్కు కొట్టాలి.

మొదట ఆవిరి వద్దు, పంక్చర్ షాపు కంప్రెసర్ గాలితో తిప్పండి. అది బాగా తిరిగాకే ఆవిరి. బాయిలర్‌కి పాత గ్యాస్ సిలిండరో ట్యాంకో అస్సలు వాడొద్దండి, దండం పెట్టి చెప్తున్నాను, పగిలితే లోపలున్న వేడినీళ్లన్నీ ఒక్కసారి ఆవిరై మనిషిని మిగల్చవు. సన్నటి ట్యూబు చుట్టలో అరలీటరుకి మించని నీళ్లుండాలి, సేఫ్టీ వాల్వుకీ చుట్టకీ మధ్య ఏ ట్యాపూ ఉండకూడదు. ఆ చుట్ట వేడి చేయడానికి పెట్టే అద్దాల డిష్ వాడనప్పుడు టార్పాలిన్ కప్పండి, పక్కన గడ్డిమేటు ఉంటే ఎండ తిరిగేసరికి అంటుకుంటది.

ముమ్మిడివరం, పాలిటెక్నిక్ విద్యార్థి:
పిన్ను పొడవు ఎంత పెట్టాలి సార్?

పాలకొల్లు లేత్ షాపు:
గోళీ రెండు మూడు మిల్లీమీటర్లు లేస్తే చాలు. పిస్టన్ మీద చిన్నపిల్లల ఆటమట్టి ముద్ద పెట్టి హెడ్డు బిగించి చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పండి, ముద్ద ఎంత మందం మిగిలితే అంత ఖాళీ. దానికి హెడ్డు లోపలి అంచు నుంచి గోళీ అడుగు దాకా ఉన్న లోతు కలిపి, పైన రెండు మిల్లీమీటర్లు వేసుకోండి. కొలతలు తీసుకుని వస్తే పిన్ను నేనే తిప్పిస్తాను.