‘తావుల్ దప్పెను’ అనా, ‘ఠావుల్ దప్పెను’ అనా?

విజయనగరం: పోతన గజేంద్రమోక్షంలోని ‘లావొక్కింతయు లేదు’ పద్యం రెండో పాదం మొదటి అక్షరం తేల్చండి. ‘తావుల్’ అని చదివినట్టు గుర్తు. మొన్న చూసిన పుస్తకంలో ‘ఠావుల్’ అని ఉంది. నేను కౌన్సెలింగ్ చేస్తాను. సీబీటీలో, అంటే ఆలోచనల్ని పరిశీలించి మార్చుకునేలా చేసే చికిత్సలో, ‘ఆ సమయంలో ఏ ఆలోచన వచ్చింది?’ అని అడగాలి. మన పెద్దవాళ్లేమో ‘ఆలోచనేటమ్మా, పేనం టావులో లేదు’ అంటారు, ప్రాణం తన చోట లేదని. ఆ మాటతోనే ప్రశ్నలు రాసుకోవాలని ఉంది.

రాజాం: ఠావే. ఈ పద్యం శార్దూలం. అందులో పదమూడో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. అక్కడ ‘డస్సెన్’ ఉంది. డకారంతో తకారానికి యతి ఎలా కుదురుతుంది?

శ్రీకాకుళం: టకారానికీ కుదురుతుంది మరి! అసలు చూడాల్సింది బహువచనం. ఒక్క ప్రాణమైతే ‘ఠావు’ చాలు. ఇవి పంచప్రాణాలు. గుండెలో ప్రాణం, గొంతులో ఉదానం, బొడ్డు దగ్గర సమానం. ‘గొంతుకేదో అడ్డుపడింది, కడుపులో తిప్పుతోంది’ అని మీ దగ్గర చెప్పుకునేది ఇదే.

విజయనగరం: నిజమే, చేత్తో చూపిస్తారు కూడా. జింబాబ్వేలో 2006లో డిక్సన్ చిబాండా మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్‌లో అమ్మమ్మలు ‘డిప్రెషన్’ అనరు. షోనాలో ‘కుఫుంగిసిసా’ అంటారు, మితిమీరి ఆలోచించడం.

పలాస: అక్కడ ఆలోచన, ఇక్కడ ఒళ్లు. పోతన ఒంటితోనే మొదలుపెట్టాడు.

రాజాం: లేదు మాస్టారూ. ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ దీనికన్నా ముందు వస్తుంది. సందేహం ముందు, మూర్ఛ తర్వాత. ఆలోచన వెనకే దిగులని సీబీటీకి ఆద్యుడు ఆరన్ బెక్ చెప్పిందీ అదే.

పలాస: ఇంకాస్త వెనక్కి వెళ్లండి. ‘సలిపెన్ పోరొక్క వేయి సంవత్సరముల్’. అంత కాలం పోరాడి అలిసిపోయాక పుట్టిన సందేహం అది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో, డయాలసిస్ ఖర్చుతో నలిగే ఇంటికెళ్లి ఆలోచన మార్చుకోమంటే ఏం మార్చుకుంటారు?

సాలూరు: పైగా మనవాళ్లు ‘మీరే ఒక దారి చెప్పండి’ అంటారు. మానసిక వైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు నమూనాగా చూపారు. ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’ అన్నవాణ్ణి ‘మీకేమనిపిస్తోంది?’ అని అడుగుతామా? ‘సిరికిం జెప్పడు’ చూడండి. విష్ణువు శంఖచక్రాలు అందుకోలేదు, లక్ష్మి పైట కొంగు వదల్లేదు, అలాగే వచ్చేశాడు! పోతన తప్ప ఆ తొందరని పద్యంలో పెట్టగలిగినవాడు ఇంకొకడున్నాడా?

విజయనగరం: పద్యానికి దణ్ణం పెడతాను. దారి మేమే చెప్పాలంటే మాత్రం ఒప్పుకోను. చెప్తే, తర్వాతి కష్టానికి మళ్లీ మా కోసమే ఎదురుచూస్తారు. గజేంద్రుడు తన బాధంతా తన మాటల్లో చెప్పుకున్నాకే కదా ఆయన వచ్చింది.

శ్రీకాకుళం: సరే, ‘ధైర్యము విలోలంబయ్యె’కి మీ ప్రశ్నల్లో ఏం రాస్తారు?

రాజాం: గాబరా.

శ్రీకాకుళం: గాబరా అంటే ధైర్యం పోయిందన్నట్టు. ఇక్కడ ఇంకా ఉంది, ఊగుతోంది. అమ్మా, ఆ తేడా వదలకండి.

రాజాం: ‘విలోల’కి ఊగడం ఒక్కటే అర్థమని ఎవరన్నారు?