ఒహాయో కెరీర్ సెంటర్‌లో చదివితే కాలేజీ క్రెడిట్లు నిజంగా వస్తాయా?

ప్రశ్న:
మా అబ్బాయి కొలంబస్ దగ్గర పదో తరగతి చదువుతున్నాడు. వచ్చే ఏడాది నుంచి రెండేళ్లు కెరీర్ సెంటర్‌లో (హైస్కూల్ పిల్లలకి వృత్తివిద్య నేర్పే స్కూల్లో) కంప్యూటర్ నెట్‌వర్కింగ్ ప్రోగ్రామ్‌లో చేరతానంటున్నాడు. దానికి కాలేజీ క్రెడిట్ కూడా వస్తుందని కౌన్సెలర్ గారు చెప్పారు. అదెలా వస్తుంది, మేమేం చేయాలి?

జవాబు 1:
ముందు కౌన్సెలర్‌ని ఒక్క మాట అడగండి: అది సీట్యాగా (CTAG, కెరీర్ సెంటర్ చదువుకి కాలేజీ క్రెడిట్ ఇచ్చే రాష్ట్ర ఏర్పాటు), సీసీపీనా (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదివే పథకం), లేక ఒక్క కాలేజీతో కుదుర్చుకున్న ఒప్పందమా? మూడింటినీ కలిపి "కాలేజీ క్రెడిట్" అనేస్తారు, చిక్కంతా అక్కడే.

సీట్యాగ్‌లో పాఠం కెరీర్ సెంటర్ టీచరే చెబుతారు. ఆ ప్రోగ్రామ్‌కి రాష్ట్ర ఆమోదం ఉండి, చివర్లో పెట్టే వెబ్‌ఎగ్జామ్ (WebXam) అనే రాష్ట్ర పరీక్షలో కావలసిన స్కోరు వస్తే, అలాంటి కోర్సు ఉన్న ఏ ఒహాయో ప్రభుత్వ కాలేజీ అయినా క్రెడిట్ ఇచ్చి తీరాలి. ప్రైవేటు కాలేజీలకీ, పక్క రాష్ట్రాలకీ ఆ నియమం లేదు. ఒక్క కాలేజీతో ఒప్పందమైతే అక్కడ చేరితేనే లాభం.

జవాబు 2:
సీసీపీ అంటే కాలేజ్ క్రెడిట్ ప్లస్, 2015లో మొదలైంది. ఇది అసలు కాలేజీ కోర్సే. ప్రభుత్వ కాలేజీలో ఫీజు, పుస్తకాలు ఉచితం. వచ్చే విద్యా సంవత్సరానికి చేరాలనుకుంటే ఏప్రిల్ 1 లోపు స్కూలుకి రాతపూర్వకంగా తెలపాలి.

కెరీర్ సెంటర్ పిల్లలు దెబ్బతినేది ఏడాదికి 30 క్రెడిట్ గంటల పరిమితి దగ్గర. ఆ ఏడాది హైస్కూల్ క్రెడిట్‌గా మాత్రమే చదివే కోర్సుల యూనిట్లని 3తో గుణించి 30లోంచి తీసేయాలి. కెరీర్ సెంటర్ ల్యాబ్‌కి 3 యూనిట్లు, ఇంగ్లిష్‌కి 1 అనుకోండి, 12 పోయి 18 గంటలే మిగులుతాయి. అది దాటితే ఆ పైవాటికి ఫీజు మీరే కట్టుకోవాలి.

కోర్సు కష్టమనిపిస్తే మొదలైన 14 రోజుల్లోపే వదిలేయించండి. ఫెయిలైతే స్కూల్ డిస్ట్రిక్ట్ ఫీజు తిరిగి అడగొచ్చు. పైగా ఆ గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో (మార్కుల రికార్డులో) ఎప్పటికీ ఉంటుంది. రేపు మెడిసిన్‌కి అప్లై చేసినా దాన్నీ జీపీఏలో కలుపుతారు. సీట్యాగ్‌కి గ్రేడు పడదు కాబట్టి ఆ భయం లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. సీట్యాగ్ క్రెడిట్ దానంతటదే ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి వస్తుందా? కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి పనికొస్తుందా?

జవాబు 1:
రాదండి. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. కాలేజీలో సీటు వచ్చాక వెరిఫికేషన్ ఫారం నింపి, కెరీర్ సెంటర్ చేత ధ్రువీకరింపజేసి పంపాలి. ప్రోగ్రామ్ పూర్తయిన మూడేళ్లలోపే ఇది జరగాలి. మొదటి సెమిస్టర్ క్లాసులు ఎంచుకోకముందే పంపండి, లేకపోతే అదే కోర్సు డబ్బు కట్టి మళ్లీ చదువుతాడు.

డిగ్రీ సంగతికొస్తే, క్రెడిట్ రావడం వేరు, మేజర్‌లో (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టులో) లెక్కకు రావడం వేరు. నెట్‌వర్కింగ్ క్రెడిట్ రెండేళ్ల ఐటీ అసోసియేట్ డిగ్రీలో చక్కగా ఇముడుతుంది. నాలుగేళ్ల కంప్యూటర్ సైన్స్‌లో చాలాసార్లు ఎలెక్టివ్‌గానే (ఐచ్ఛిక కోర్సుగానే) మిగులుతుంది. కోర్సు కోడ్ పట్టుకుని ఆ డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కే ఈమెయిల్ పెట్టండి, "ఇది మేజర్‌లో ఏ కోర్సుకి బదులు?" అని. జవాబు రాతలో తీసుకోండి.