ఊరి బోర్లలో నీళ్లు మనమే కొలుచుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

కదిరి రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మాది కదిరి దగ్గర చిన్న పల్లె. అరవై దాకా బోర్లున్నాయి, ఈ వేసవిలో సగం కూడా పోయడం లేదు. మా నాన్న ఇప్పటికి ఐదు బోర్లు వేయించారు. ఐదోది 850 అడుగులు దించాం. రాత్రంతా రిగ్గు దగ్గరే నిలబడితే, తెల్లారేసరికి ఒళ్లంతా తెల్లదుమ్ము తప్ప చుక్క తడి లేదు. ఆ అప్పు ఇంకా తీరలేదు.

భూగర్భజల శాఖ వాళ్లు నీటిమట్టం చూసే బోరు మాకు దూరంగా ఉంది. అది వేరే వంక కింద నేల, దాని లెక్క మా ఊరికి కుదరడం లేదు. అందుకే మా ఊరి వరకు మేమే కొలుచుకుందామని నలుగురు కుర్రాళ్లం అనుకున్నాం. ఏమేం కావాలి? కొలిచి చూపిస్తే పెద్దవాళ్లు వింటారా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మార్కాపురం అక్క:
తమ్ముడూ, నేను చేశాను. మా వైపు 2003 తర్వాత ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని ఒక పథకం నడిచింది. ఊరి భూగర్భజలాన్ని రైతులే కొలిచి, రైతులే నిర్ణయించుకోవాలన్నది దాని ఉద్దేశం. మొదట నెదర్లాండ్స్ సాయం, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) చూసుకుంది. ప్రకాశం, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరువందలకు పైగా పల్లెల్లో పని జరిగింది. మా ఊళ్లో కొలిచే పని నాకూ ఇంకో అన్నకూ అప్పజెప్పారు.

ముందు వాన. కొలిచే డబ్బాను చెట్టుకీ గోడకీ దూరంగా, పశువులు తన్నని చోట పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి. గొట్టాన్ని కంటికి సమానంగా ఎత్తి పట్టుకుంటే నీళ్లు అంచుల్లో కాస్త పైకి పాకి, మధ్యలో కిందికి దిగి కనిపిస్తాయి. ఆ దిగిన చోటే చదవాలి. ఇది నాకు పట్టుబడడానికి వారం పట్టింది.

తర్వాత నీటిమట్టం. దానికి ఒక టేపు ఉంటుంది, మొన నీటికి తగలగానే పైన బీప్ అంటుంది. మోటారు ఉన్న బోరులో మాత్రం దించకండి. పైపుకీ కేబులుకీ చుట్టుకుపోతుంది, మొదటి నెలలోనే మాదొకటి అలా ఇరుక్కుంది. వాడకుండా వదిలేసిన, కానీ అడుగున నీళ్లున్న బోరు చూసుకోండి. పొద్దున కరెంటు రాకముందే, చుట్టుపక్కల మోటార్లు ఆడకముందే కొలవాలి. పదిహేను రోజులకోసారి అదే బోరు, అదే వేళ. కేసింగు, అంటే బోరు నోటి దగ్గర నేల మీదికి కనిపించే గొట్టం, దాని అంచు నుంచి కొలిచి, అది నేల మీద ఎంత ఎత్తుందో అంత తీసేయాలి.

ఒక్కో బోరు ఎంత పోస్తోందో తెలియాలంటే 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు.

అసలు సంగతి అక్టోబరులో ఉంటుంది, రబీ విత్తనం కొనకముందు. ఊరంతా కూర్చుని నీళ్ల లెక్క వేయాలి. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్లు. వెయ్యి ఎకరాల మీద 500 మిల్లీమీటర్లు పడిందనుకో. మన రాతి నేలల్లో సుమారు పదో వంతే ఇంకుతుంది, అంటే రెండు లక్షల ఘనపు మీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల తడి కావాలంటే ఆ నీళ్లన్నీ 40 ఎకరాలకే సరి. వేరుశనగకు 500 అనుకుంటే వంద ఎకరాలు పండుతుంది. తాగడానికి, పశువులకు ముందే పక్కన పెట్టాలి.

మొదటి ఏడు బడి గోడ మీద నల్లరంగు వేసి రాశాం. ఎవరెవరు ఏ పంట, ఎన్ని ఎకరాలు అని అడిగి కలుపుకుంటూ పోతే చివరికి నీళ్లు చాలవని తేలింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. నాలుగెకరాల వరి చెప్పిన పెద్దాయన గోడ వైపే చాలాసేపు చూసి, "రెండు కొట్టెయ్యమ్మా, శనగ అని రాయి" అన్నాడు. చాక్‌పీసు నా చేతిలోనే ఉంది. ఆ ఏడు అందరూ మారలేదు. కానీ ఎవరికి వారు తమ లెక్క తాము చూసుకున్నారు. మీ పెద్దవాళ్లూ వింటారు. నువ్వు కొలిచింది నోటితో చెప్పకు, గోడ మీద కనిపించేలా రాయి.

రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు:
అమ్మ చెప్పినవన్నీ నిజం. ఊరి సరిహద్దు చూసి ఆగిపోకండి బాబూ, మీ వంకలోకి నీళ్లు వచ్చే పక్క ఊళ్లను కూడా కలుపుకోండి. నీళ్లు, నేల, చెట్లను కాపాడే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరందరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు దించకూడదు. అది పంచాయతీలో చదివి వినిపించండి, చాలామందికి తెలియదు. భూగర్భజలాల కోసం కేంద్రం 2019లో తెచ్చిన అటల్ భూజల్ యోజన పథకానికి ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో మన రెండూ లేవు. ఆ డబ్బు కోసం చూస్తూ కూర్చోవద్దు.

నల్లగొండ బత్తాయి:
మా ఊళ్లోనూ ఆ పథకం నడిచింది. అది అయిపోయాక కొలిచేవాళ్లు లేకపోయారు, గోడకు సున్నం కొట్టేశారు. టేపు ఎవరింట్లో ఉందో తెలియదు. అక్కా, మీ దగ్గర నిలిచిందా?

మార్కాపురం అక్క:
సగమే నిలిచింది అన్నా. వాన లెక్క నేను ఇప్పటికీ రాస్తున్నాను, ఇది నాలుగో పుస్తకం. దానికి ఖర్చేమీ లేదు కదా. టేపు పాడయ్యాక నీటిమట్టం కొలవడం ఆగిపోయింది. కొత్తది కొందామంటే తలా కొంత వేసుకునేవాళ్లు దొరకలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తమ్ముడూ, మీరు మొదటి రోజే ఊరి డబ్బుతో కొనండి, వేరే ఎవరి సాయంతోనో వద్దు. కొలిచేవాళ్లు కూడా ఒకరు కాదు, ముగ్గురుండాలి. ఒకరు పెళ్లయి వెళ్తారు, ఒకరు బెంగళూరు వెళ్తారు.

కదిరి రైతుబిడ్డ:
అక్కా, టేపు ఇంకా కొనలేదు. ఆగలేక మొన్న తెల్లవారుజామున మా నాన్న వదిలేసిన మూడో బోరులో బరువు కట్టిన తాడు దించాం. పైకి లాగి తడిసిన చోటు నుంచి కొలిస్తే 186 అడుగుల కింద నీళ్లున్నాయి. నాన్న కూడా వచ్చి టార్చి పట్టుకున్నారు. కేసింగు నేల మీద అడుగున్నర ఉంది. అంటే 184న్నర అని రాసుకోవాలి కదా?

మార్కాపురం అక్క:
అవును, 184న్నర. పక్కనే తేదీ, టైము, ఆ వేళకు దగ్గర్లో ఏ మోటారైనా ఆడుతోందా అన్నది కూడా రాయి. మళ్లీ పదిహేను రోజులకు కొలిచి ఇక్కడ పెట్టు, చూస్తాను.