నాన్న మోకాళ్లకు దాచుకున్న డబ్బుతో మా ముసలి కుక్కకు ఆపరేషన్ చేయించమంటున్నారు. ఒప్పుకోవాలా?

అరుగుమీద

అందరికీ నమస్కారం. నిద్ర లేక మూడు రోజులైంది, సూటిగా విషయానికి వస్తాను.

మా సింగడికి పదకొండేళ్లు. నాటు కుక్కే, 24 కిలోలుంటాడు. ఆదివారం కారు తగిలి వెనక కుడికాలి తొడ ఎముక విరిగింది. ఎక్స్‌రేలో మూడు ముక్కలు కనిపిస్తున్నాయి, చర్మం మాత్రం చీలలేదు. ఒక డాక్టరుగారు ప్లేటు, స్క్రూలు వేసి అతకాలన్నారు. ఇంకో ఆయన, ఈ వయసులో అంత పెద్ద ఆపరేషన్ ఎందుకు, కాలు తీసేస్తే రెండు వారాల్లో మూడు కాళ్ల మీద తిరుగుతాడన్నారు. పక్కింటాయన ఇంకా తేల్చేశాడు: "ఒక్క ఇంజెక్షన్ ఇప్పించెయ్, పుణ్యం ఉంటుంది."

ప్లేటు వేయించాలంటే నా మూడు నెలల జీతం పైమాటే. నా దగ్గర అంత లేదు. నాన్న దగ్గర ఉంది. ఆయన మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మార్పిడి చేయించుకోవడానికి రెండేళ్లుగా కూడబెట్టుకున్న డబ్బది. వచ్చే నెల చేయించుకోవాలని అనుకున్నాం కూడా. ఇప్పుడు ఆ బ్యాంకు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "ముందు వాడి కాలు చూడరా, నా మోకాళ్లు ఎక్కడికీ పోవు" అంటున్నారు.

అమ్మ పోయాక నాన్న పొద్దున్నే లేచేది వాడి కోసమే. పేరు కూడా ఆయన పెట్టిందే. పిల్లగా ఉన్నప్పుడు గేటు దాకా ఉరికి, ఎందుకు ఉరికాడో మర్చిపోయినట్టు నిలబడి, మళ్లీ వెనక్కి వచ్చేవాడట. "సింగడు అద్దంకి పోనూ పోయాడు, రానూ వచ్చాడు" అని నాన్న నవ్వేవారు. అలా సింగడయ్యాడు.

ఆ డబ్బు ముట్టుకోవాలా వద్దా? మీరైతే ఏం చేస్తారు?

లెక్కలమాస్టారు

వద్దు. మీ నాన్నగారి వయసు మీరు రాయలేదు, డెబ్భై దాటి ఉంటుందనుకుంటున్నాను. ఆ వయసులో వాయిదా పడిన ఆపరేషన్లు చాలావరకు ఇక జరగవు. కుక్కకు మహా అయితే ఇంకో మూడు నాలుగేళ్లు. ఆయన ముందు ఎన్నేళ్ల నడక ఉందో లెక్క వేసుకోండి. ప్రేమ లేదని కాదు బాబూ. చేతిలో ఉన్నది ఒకటే మూట, అడిగేవాళ్లు ఇద్దరు.

వానచినుకు

మాస్టారూ, ప్రాణాన్ని కూడా త్రాసులో పెడతారా? డబ్బు ఆయనది, కుక్కా ఆయనదే. డెబ్భై దాటిన మనిషి తన డబ్బు దేనికి ఖర్చు పెట్టుకోవాలో కొడుకు దగ్గర పర్మిషన్ తీసుకోవాలా? అన్నా, మీరు "ఒప్పుకోవాలా" అని అడగడమే నాకు వింతగా ఉంది.

లెక్కలమాస్టారు

ఆయన డబ్బే, కాదనలేదు. రేపు ఆయన మంచం దిగలేకపోతే లేపేది మాత్రం కొడుకు. అందుకే అడుగుతున్నాడు.

తెల్లకోటు

పశువైద్యంలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ఎదురుగా చూడకుండా వైద్యం చెప్పను. కానీ మీ రాతలో లేని కొన్ని విషయాలు ముందు తేలాలి. అవి తెలియకుండా ఇంతమంది వాదించుకోవడం దండగ.

కారు తగిలిందన్నారు. ఛాతీ ఎక్స్‌రే తీశారా? కాలు వేలాడుతుంటే అందరి కళ్లూ కాలు మీదే ఉంటాయి. లోపల ఊపిరితిత్తులు కమిలిపోయి ఉండొచ్చు, ఛాతీలో గాలి చేరి ఉండొచ్చు, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొర చిరిగి ఉండొచ్చు. అలాంటి కుక్కకు మత్తు ఇస్తే బల్ల మీదే పోతుంది. మూత్రం మామూలుగా పోస్తున్నాడా? విరిగిన కాలి వేలు గట్టిగా నొక్కితే తల తిప్పి చూస్తున్నాడా, అరుస్తున్నాడా? కాలు వెనక్కి లాక్కోవడం ఒక్కటే చాలదు. నొప్పి మెదడు దాకా వెళ్తోందని తెలియాలి.

రెండోది, "వయసు" గురించి. వయసు రోగం కాదు. పదకొండేళ్ల కుక్కకు గుండె, మూత్రపిండాలు, కాలేయం బాగుంటే మత్తు తట్టుకుంటుంది. అవి బాగాలేకపోతే ఐదేళ్ల కుక్కకైనా ప్రమాదమే. రక్త పరీక్షలు చేయించండి, గుండె చప్పుడులో తేడా ఉంటే ఎకో (గుండె స్కాన్) తీయించండి. ఆ ఖర్చు మొత్తంలో చిన్న ముక్క. తీర్పు మాత్రం దాని మీదే ఆధారపడుతుంది.

మూడోది, పిండికట్టు వేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎముక అతకాలంటే విరిగిన చోటికి పైనున్న కీలూ కిందున్న కీలూ రెండూ కదలకూడదు. తొడ ఎముకకు పైనున్నది తుంటి, దాన్ని కట్టులో బిగించలేం. కట్టు జారి కిందికి దిగి, దాని బరువంతా సరిగ్గా విరుపు దగ్గరే ఊగుతుంది. మేలు చెయ్యకపోగా కీడు చేస్తుంది.

ఆలస్యం కూడా మంచిది కాదు. తొడ కండరాలు బిగుసుకుని ఎముక ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. రోజులు గడిచేకొద్దీ సర్దడం కష్టం.

ఇంకొకటి, ఇది అందరికీ. మన ఇంట్లో మందుల డబ్బాలోని నొప్పి బిళ్లలు కుక్కకు వెయ్యకండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు చేసి రక్తస్రావం తెస్తాయి, మూత్రపిండాలు దెబ్బతీస్తాయి. ఆపరేషన్ దాకా వెళ్లకుండానే కథ ముగుస్తుంది.

మూడుకాళ్లపరుగు

కాలు తీసెయ్యడమంటే అందరూ ఉలిక్కిపడతారు. మా దానికి తొమ్మిదో ఏట వెనక కాలు తీయించాం. అది అద్దంలో చూసుకుని ఏడవదు కదా! పదిరోజుల్లో గేటు దగ్గర నిలబడి పోస్టుమ్యాన్ మీద మొరిగింది. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్లే మోస్తాయి, కాబట్టి వెనక కాలు పోతే సర్దుకోవడం తేలిక. ఖర్చు తక్కువ, ప్లేటు విరుగుతుందేమోనన్న భయం లేదు, రెండు మూడు నెలల పథ్యం లేదు. రెండో డాక్టరుగారు చెప్పింది కొట్టిపారెయ్యకండి.

తెల్లకోటు

నిజమే. కానీ మిగిలిన మూడు కాళ్లు గట్టివైతేనే ఆ లెక్క. పదకొండేళ్లు, 24 కిలోలు. ఎడమ తుంటి, ఎడమ మోకాలు ఎలా ఉన్నాయో ఎక్స్‌రే చూడకుండా కాలు తీయకూడదు.

నిన్నటినీడ

నేను వ్యతిరేకంగా రాస్తున్నాను. తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి.

మా పదమూడేళ్ల కుక్కకు వెన్ను ఆపరేషన్ చేయించాను. డాక్టర్లు దాచలేదు, నడిచే అవకాశం తక్కువని ముందే చెప్పారు. నేనే వినలేదు. ఇంటికి తెచ్చాక పందొమ్మిది రోజులు బతికింది. నడుము కింద ప్లాస్టిక్ షీటు. రాత్రిళ్లు పక్కకి తిరగాలని ముందుకాళ్లతో ఆ షీటును గోకేది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. తనకు కాలు రాదని తెలియదు, ఎందుకు రావట్లేదో నావంక చూసి అడిగేది.

ఆ పందొమ్మిది రోజులు నేను దాని కోసం కొనలేదు. నా కోసం కొన్నాను. "చేయగలిగినంతా చేశాను" అని చెప్పుకోవడానికి.

అరుగుమీద గారూ, ఒక్కటే అడుగుతాను. ఆ కారు ఎవరిది?

వానచినుకు

అక్కా, మీ బాధ అర్థమైంది కానీ ఆ ప్రశ్న ఇప్పుడు అవసరమా? వెన్ను వేరు, కాలు వేరు.

అరుగుమీద

అవసరమే. కారు నాది. రివర్స్ తీస్తున్నాను. వాడికి ఏడాదిగా చెవులు సరిగా వినపడవు. నీడ కోసం వెనక చక్రం పక్కన పడుకున్నాడు. అది నాకు తెలుసు. రోజూ దిగి చూసే బయల్దేరతాను. ఆ రోజు ఫోన్ మాట్లాడుతూ చూడలేదు.

నాన్న ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

లెక్కలమాస్టారు

బాబూ, నేను మొదట రాసినదాంట్లో కఠినం ఎక్కువైంది. మాట మార్చను కానీ ఒకటి కలుపుతాను.

డబ్బు సంగతి పక్కన పెడదాం. ఆపరేషన్ అయ్యాక 24 కిలోల కుక్కను రోజుకు నాలుగైదుసార్లు బయటికి తీసుకెళ్లాలి. పొట్ట కింద తువ్వాలు వేసి వెనక భాగం పైకి పట్టుకుని, వంగి నడిపించాలి. మెట్లు ఎక్కనివ్వకూడదు, సోఫా దూకనివ్వకూడదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మీరు ఆఫీసుకు వెళ్తే ఆ తువ్వాలు పట్టేదెవరు? మోకాళ్లు అరిగిన మీ నాన్నగారు. ఆయన ఒక్కసారి జారితే ఇంట్లో విరిగిన ఎముకలు రెండవుతాయి. ఆయన డబ్బు ఇస్తారా ఇవ్వరా అన్నదానికంటే నాకు ఇదే పెద్ద ప్రశ్న.

వానచినుకు

మాస్టారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను, నన్ను గిల్లండి ఎవరైనా.

తెల్లకోటు

పన్నెండు వారాలు కూడా తక్కువే కావొచ్చు. కూన ఎముక నెలలో అతుకుతుంది, ముసలి ఎముకకు అంత తొందర ఉండదు. మధ్యలో ఎక్స్‌రే తీసి, కొత్త ఎముక చేరిందని చూశాకే వదలాలి. చాలామంది కుక్క కుంటడం తగ్గగానే "బాగైపోయింది" అని తిప్పేస్తారు. ప్లేటు వంగేది అప్పుడే. ప్లేటు దగ్గర చీము పట్టే ప్రమాదం ఒకటి ఉండనే ఉంది. ఇవన్నీ సర్జన్‌ను ముందే అడగండి. ఇలాంటి విరుపులు ఏడాదికి ఎన్ని చేస్తారో కూడా అడగండి. ఆ ప్రశ్నకు నొచ్చుకునే సర్జన్ అయితే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

నిన్నటినీడ గారూ, మీరు చేసింది తప్పు కాదు. తక్కువ అవకాశమని తెలిసీ ప్రయత్నించడానికి, తెలియక చేయడానికి తేడా ఉంది.

నిన్నటినీడ

కుక్కకు ఆ తేడా లేదండీ.

అరుగుమీద

రెండు రోజులు రాయలేకపోయాను, క్షమించండి.

ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది. మూత్రం పోస్తున్నాడు. వేలు నొక్కితే డాక్టరుగారి చెయ్యి కొరకబోయాడు, ఆయన సంతోషించారు. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) కొంచెం ఎక్కువుంది, ముందురోజు రాత్రంతా సెలైన్ పెట్టి చేద్దామన్నారు. ఎడమ తుంటి మాత్రం అరిగిపోయి ఉంది. కాలు తీసెయ్యడం మాట అక్కడితో ఆగింది.

నిన్నటినీడ గారి పోస్టు నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత సర్జన్‌ను ఆయనే అడిగారు: "కోసి చూశాక అతికేలా లేదనుకోండి, వాణ్ణి మళ్లీ లేపుతారా?" అలా ఏమైనా కనిపిస్తే మత్తులో ఉండగానే ఫోన్ చేస్తామని, మేం సరేనంటే లేపకుండానే వదిలేస్తామని ఆయన చెప్పారు. ఆ కాగితం మీద నాన్నే సంతకం పెట్టారు. నా చేత పెట్టించలేదు.

డబ్బు సగం నాన్నది, సగం నేను అప్పు తెస్తున్నాను. ఆయన మోకాళ్ల ఆపరేషన్ రద్దు కాలేదు, నాలుగు నెలలు వాయిదా పడింది. తేదీ క్యాలెండర్‌లో రాయించాను, మాస్టారు గుర్తొచ్చి. నెల రోజులు సెలవు పెట్టాను, ఆ తర్వాత ఇంటి నుంచి పని. తువ్వాలు నేనే పడతాను. నాన్న వంగకూడదన్నది షరతు.

ఇందులో ఎంత వాడి కోసం, ఎంత నా తప్పు కడుక్కోవడం కోసమో నాకు తెలీదు. తేల్చుకునేదాకా ఎముక ఆగదు.

లెక్కలమాస్టారు

నేనైతే ఇప్పటికీ ఈ పని చెయ్యను. నాలుగు నెలల మాట మాత్రం గుర్తుపెట్టుకుంటాను, ఇక్కడే అడుగుతాను.

అరుగుమీద

ఆపరేషన్ అయి ఐదో రోజు. పదకొండు స్క్రూలు పట్టాయి. మొదటి రెండు రాత్రులు మూలుగుతూనే ఉన్నాడు. నాన్న మంచం హాల్లో వేయించుకుని, చెయ్యి బోను కమ్మీల మధ్య నుంచి లోపల పెట్టి పడుకున్నారు. నిన్నటి నుంచి తిండి తింటున్నాడు. కాలు ఇంకా నేల మీద పెట్టట్లేదు, వేలి కొసలు మాత్రం ఆనిస్తున్నాడు.

ఒక సాయం కావాలి. టైల్స్ మీద దుప్పటి పరిస్తే, బయటికి తీసుకెళ్లేటప్పుడు దుప్పటితో సహా ముందుకాళ్లు జారుతున్నాయి. ఎవరైనా ఏం వాడారు?

మూడుకాళ్లపరుగు

దుప్పటి వెంటనే తీసెయ్యండి. యోగా మ్యాట్లు బోను నుంచి గుమ్మం దాకా వరసగా పరిచి టేపు వెయ్యండి. వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించండి, గోళ్లు కూడా. సగం జారుడు అక్కడే పోతుంది.

లెక్కలమాస్టారు

టేపు అడుగువైపు వెయ్యండి. పైన వేస్తే నాకి పీకేస్తాడు.